యానాం నుండి పుదుచ్చేరికి ఎంత దూరం?

ఉద్దేశం: రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని, విమాన ప్రయాణానికి పట్టే కాలాన్ని లెక్కకట్టే విధానాన్ని తెలియజేయడం, దేశపటాన్ని చూసి ఆలోచించే అలవాటును కలిగించడం.

"మీ రాజధాని ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా జవాబు చెప్పగలరు. కాని యానాం బడిలో ఇదే ప్రశ్న అడిగితే ఒకే తరగతిలో నాలుగు జవాబులు వినిపించవచ్చు. "ఎనిమిదివందల కిలోమీటర్లు" అంటాడు బస్సులో వెళ్ళివచ్చిన పిల్లవాడు. "కాదు, ఆరువందలైనా లేదు" అంటుంది అట్లాసు ముందు పెట్టుకొని కూర్చున్న అమ్మాయి. "రాత్రంతా రైలు" అంటాడు వైద్యం కోసం తాతగారితో కలిసి వెళ్ళిన మరొకడు. "విమానం ఉంటే గంటన్నర" అంటాడు ఇంకొకడు. ఈ నలుగురిలో తప్పు చెప్పినది ఎవరు?

ఎవరూ కాదు. నలుగురూ నిజమే చెప్పారు. దూరం అనే మాట ఒక్కటే అయినా, దానిని కొలిచే విధానాలు అనేకం. ఆ విధానాలు ఏమిటో, ఒకదానికీ మరొకదానికీ తేడా ఎందుకు వస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రాజధానికి దూరంగా ఒక ఊరు

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటుకు చేరువలో, కోరంగికి పొరుగున ఉన్నది యానాం. దాని వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 55,626 మంది నివసిస్తున్నారు. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ప్రజలు మాట్లాడేది తెలుగు. కాని పరిపాలన మాత్రం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానిది.

ఇలా ఎందుకు జరిగింది? పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో ఫ్రెంచివారు మన తీరాలలో వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారు. తమిళ తీరాన పుదుచ్చేరి, కారైకాల్. మలయాళ తీరాన మాహే. తెలుగు తీరాన యానాం వారి చేతిలో ఉండేవి. 1954 నవంబరు 1న ఇవి భారత ప్రభుత్వ పాలనలోకి వచ్చాయి. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా బదిలీ పూర్తి అయినది. 1963 జూలై 1న నాలుగింటిని కలిపి ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పరిచారు. 2006లో పాండిచ్చేరి అనే పేరు పుదుచ్చేరిగా మారినది.

అందువల్ల యానాం శాసనసభ్యుడు సమావేశాలకు పుదుచ్చేరి వెళ్ళాలి. హైకోర్టులో వ్యాజ్యం ఉన్నవారు చెన్నై వెళ్ళాలి. పైచదువులకు సీటు కోరే విద్యార్థి, జిప్‌మర్ ఆసుపత్రిలో చికిత్స కావలసిన రోగి, కార్యాలయపు పని మీద వెళ్ళే ఉద్యోగి – అందరి దారీ దక్షిణానికే. పొరుగున ఉన్న కాకినాడకు వెళ్ళాలంటే గంట ప్రయాణం. తమ రాజధానికి వెళ్ళాలంటే ఆంధ్రప్రదేశ్ కోస్తా జిల్లాలు చాలావరకు దాటి, తమిళనాడులోకి ప్రవేశించి, చెన్నపట్నాన్ని కూడా దాటాలి. అందుకే యానాం వారికి దూరం అనేది పుస్తకంలోని లెక్క మాత్రమే కాదు; ఇంటిలోని లెక్క.

విల్లు, అల్లెతాడు

ముందుగా రోడ్డు దూరం సంగతి చూద్దాం. యానాం నుండి బయలుదేరి విజయవాడ, ఒంగోలు, నెల్లూరు, చెన్నై మీదుగా పుదుచ్చేరి చేరితే, ఎంచుకొన్న దారిని బట్టి 800 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. ఇప్పుడు దేశపటం తీసి, రెండు ఊళ్ళనూ స్కేలుతో కలపండి. గీత దాదాపు అంతా బంగాళాఖాతం మీదుగానే పోతుంది! కోనసీమ తీరం దాటిన తరువాత ఆ గీత చెన్నై చేరువకు వచ్చేవరకు నేలను తాకదు.

మన తూర్పు తీరం గోదావరి నుండి కృష్ణ వైపు, అక్కడి నుండి పెన్న వైపు లోపలికి వంగి ఉంటుంది. రోడ్డు, రైలుమార్గం ఆ వంపును అనుసరించి సాగుతాయి. వంగిన తీరం విల్లు వంటిదనుకొంటే, తిన్నని గీత దానికి కట్టిన అల్లెతాడు వంటిది. తాడు కంటె విల్లు ఎప్పుడూ పొడవే గదా! రోడ్డు దూరానికీ, నేరు దూరానికీ తేడా రావడానికి ఇదే ముఖ్య కారణం. నదులు దాటడానికి వంతెన ఉన్నచోటికి పోవలసిరావడం, ఊళ్ళను కలుపుకొంటూ వెళ్ళడం మరికొన్ని కారణాలు.

ఈ విషయం యానాం వారికి స్వయంగా తెలిసినదే. ఊరి పక్కన గౌతమికి ఆవలి ఒడ్డున ఎదుర్లంక కనిపిస్తూనే ఉంటుంది. కాని 2002లో వంతెన వచ్చేవరకు అక్కడికి పోవాలంటే పంటు మీద గోదావరి దాటాలి. వరద వచ్చి పంటు ఆగితే, కంటికి కనిపించే ఊరికే చుట్టు తిరిగి వెళ్ళాలి. లోక్‌సభ అధ్యక్షుడిగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టిన ఆ వంతెన వచ్చిన తరువాత నది వెడల్పు తగ్గలేదు, ఊరు జరగలేదు, అయినా ఎదుర్లంక దగ్గరయింది. నేరు దూరం ప్రకృతి నిర్ణయిస్తుంది. ప్రయాణ దూరం మనిషి వేసిన దారి నిర్ణయిస్తుంది.

మీటరు పుట్టిన కథ

నేరు దూరాన్ని స్కేలు లేకుండానే, అక్షాంశ రేఖాంశాల సాయంతో లెక్కకట్టవచ్చు. దానికి ముందు ఒక చిన్న కథ.

మన పూర్వులు దూరాన్ని కోసులలో, ఆమడలలో చెప్పేవారు. ఒక సీమలోని కోసు మరొక సీమలోని కోసుతో సరిపోయేది కాదు. ఫ్రాన్సులోనూ ఇదే చిక్కు ఉండేది. ఊరికొక కొలత, వర్తకానికొక కొలత. 1790 తరువాత అక్కడి శాస్త్రజ్ఞులు, అన్ని దేశాలకూ సరిపోయే కొలత భూమి నుండే తీసుకోవాలని నిశ్చయించారు. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు పారిస్ మీదుగా గీసిన గీతలో కోటోవంతును ఒక మీటరు అన్నారు. ఆ గీతలో కొంత భాగాన్ని డెలాంబ్ర్, మెషేన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1792 నుండి 1798 వరకు శ్రమించి కొలిచారు. యానాంపై అప్పట్లో హక్కు చెప్పుకొన్న దేశమే మనం నేడు వాడే మీటరుకు పుట్టినిల్లు కావడం విశేషం.

ఈ కథ వల్ల మనకు ఒక సులభమైన సూత్రం దొరుకుతుంది. ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు 90 డిగ్రీలు. దాని పొడవు కోటి మీటర్లు, అంటే 10,000 కిలోమీటర్లు. కాబట్టి ఒక డిగ్రీ అక్షాంశానికి 10,000 ÷ 90 = సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని నిమిషం అంటారు. ఒక నిమిషానికి 1.852 కిలోమీటర్లు. దీనినే నావికులు, విమాన చోదకులు నాటికల్ మైలు అంటారు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని నాట్ అంటారు.

రేఖాంశాల సంగతి కొంచెం వేరు. అవి భూమధ్యరేఖ వద్ద దూరంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరై చివరకు ఒకే బిందువులో కలుస్తాయి. ఒలిచిన బత్తాయి తొనలను చూడండి. నడుమ వెడల్పు, కొనల వద్ద సన్నం. అందువల్ల రేఖాంశంలో ఒక డిగ్రీ భూమధ్యరేఖ వద్ద 111 కిలోమీటర్లు ఉన్నా, యానాంకూ పుదుచ్చేరికీ నడుమ ఉన్న అక్షాంశం వద్ద సుమారు 107.5 కిలోమీటర్లే.

ఇక లెక్క చేద్దాం

యానాం: ఉత్తర అక్షాంశం 16 డిగ్రీల 44 నిమిషాలు, తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 13 నిమిషాలు.
పుదుచ్చేరి: ఉత్తర అక్షాంశం 11 డిగ్రీల 56 నిమిషాలు, తూర్పు రేఖాంశం 79 డిగ్రీల 50 నిమిషాలు.

అక్షాంశాల తేడా 4 డిగ్రీల 48 నిమిషాలు, అంటే 4.8 డిగ్రీలు. దీనిని 111తో గుణిస్తే సుమారు 533 కిలోమీటర్లు. ఇది దక్షిణానికి పోవలసిన దూరం.

రేఖాంశాల తేడా 2 డిగ్రీల 23 నిమిషాలు, అంటే సుమారు 2.38 డిగ్రీలు. దీనిని 107.5తో గుణిస్తే సుమారు 256 కిలోమీటర్లు. ఇది పడమటికి పోవలసిన దూరం.

దక్షిణపు గీత, పడమటి గీత ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. మనకు కావలసినది ఆ రెంటినీ కలిపే కర్ణం. గణితంలో చదివిన పైథాగరస్ సిద్ధాంతాన్ని ఇక్కడ వాడుకోవచ్చు. 533 వర్గం 2,84,089. 256 వర్గం 65,536. మొత్తం 3,49,625. దీని వర్గమూలం సుమారు 591. కాబట్టి యానాం నుండి పుదుచ్చేరికి నేరు దూరం దాదాపు 590 కిలోమీటర్లు. అట్లాసు ముందు పెట్టుకొన్న అమ్మాయి చెప్పిన మాట నిజమే!

ఈ పద్ధతి కొద్ది దూరాలకు మాత్రమే సరిపోతుంది. భూమి బల్లపరుపు కాదు, గోళం. దూరం పెరిగినకొద్దీ వంపును లెక్కలోకి తీసుకోవాలి. ఒక బంతి మీద రెండు చుక్కలు పెట్టి, దారాన్ని బిగించి పట్టుకోండి. దారం తనంతట తానే అతి దగ్గరి దారిని చూపుతుంది. దీనిని గోళంపై గురుమార్గం అంటారు. 2021 జనవరి 9వ తేదీ రాత్రి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరిన ఎయిరిండియా విమానం తూర్పుకో పడమరకో పోక, ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా బెంగళూరు చేరినది. సుమారు 16,000 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి 17 గంటలు పట్టింది. చోదకులందరూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించగా, వారిలో తెలుగు మహిళ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. పటం మీద వంకరగా కనిపించే ఆ దారే గోళం మీద దగ్గరి దారి.

రెండు విమానాశ్రయాలు

యానాంలో విమానాశ్రయం లేదు. దగ్గరలో ఉన్నది రాజమహేంద్రవరం విమానాశ్రయం. అది నగరానికి ఉత్తరాన మధురపూడి వద్ద ఉన్నది. బ్రిటిషువారి కాలంలో ఏర్పడిన ఆ స్థలం నుండి ఒకప్పుడు వాయుదూత్ సంస్థ చిన్న విమానాలను నడిపినది. తరువాతి కాలంలో దాని పరుగుబాటను 3 కిలోమీటర్లకు పైగా పొడిగించారు. యానాం నుండి అక్కడికి నేరుగా గీత గీస్తే 60 కిలోమీటర్లు. రోడ్డు మీద సుమారు 80 కిలోమీటర్లు.

పుదుచ్చేరి విమానాశ్రయం లాస్‌పేట వద్ద ఉన్నది. దాని పరుగుబాట పొడవు సుమారు 1,500 మీటర్లు మాత్రమే. అక్కడికి 2013లో బెంగళూరు నుండి, 2017లో హైదరాబాదు నుండి విమానాలు మొదలయ్యాయి. మధ్య మధ్య ఆగిపోయాయి. 2024 డిసెంబరులో ఈ రెండు నగరాల నుండి మళ్ళీ మొదలయ్యాయి.

పరుగుబాట పొడవుకూ ప్రయాణ కాలానికీ సంబంధం ఉన్నది. పెద్ద జెట్ విమానాలు గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతాయి. కాని నిండు బరువుతో నేల విడవడానికీ, దిగి ఆగడానికీ వాటికి పొడవైన బాట కావాలి. పొట్టి బాటపై దిగగలిగినవి ఏ.టి.ఆర్. వంటి పంకా విమానాలు. వాటిలో సుమారు 70 మంది కూర్చోవచ్చు. వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఎంత దూరం ఉన్నదనేదే కాదు, ఎక్కడ దిగాలి అనేది కూడా విమానపు వేగాన్ని నిర్ణయిస్తుందన్నమాట.

మధురపూడి నుండి లాస్‌పేటకు, పైన చేసినట్లే లెక్క చేస్తే, నేరు దూరం సుమారు 610 కిలోమీటర్లు వస్తుంది. దీనిని 500తో భాగిస్తే 1.22 గంటలు, అంటే 73 నిమిషాలు. అయితే విమానం ఎగరగానే పూర్తి వేగం అందుకోదు. మెల్లగా పైకి ఎక్కాలి. దిగేముందు వేగం తగ్గించాలి. పరుగుబాటకు ఎదురుగా వచ్చేటట్లు తిరగాలి. నేల మీద పాకుతూ పోయే సమయం కూడా ఉన్నది. వీటన్నింటికీ మరో 25 నిమిషాలు వేసుకొంటే మొత్తం 98 నిమిషాలు, అంటే గంటా 38 నిమిషాలు. విమాన సంస్థల కాలపట్టికలో ఇచ్చే సమయం ఇటువంటిదే. చక్రాలకు పెట్టిన అడ్డు తీసినది మొదలు, గమ్యంలో మళ్ళీ అడ్డు పెట్టేవరకు దానిని లెక్కిస్తారు.

గాలి కూడా ప్రయాణికుడే

గోదావరిలో పడవ నడిపేవారిని అడగండి. ప్రవాహం వెంట పోయేటప్పుడు తెడ్డు వేయకపోయినా పడవ సాగుతుంది. ఎదురు పోవాలంటే చెమటోడ్చాలి. ఆకాశంలో గాలి కూడా నది వంటిదే. విమానం గాలిలో గంటకు 500 కిలోమీటర్లు పోతున్నా, వెనుక నుండి గంటకు 50 కిలోమీటర్ల గాలి తోడైతే నేల మీది లెక్కలో 550 అవుతుంది. అదే గాలి ఎదురైతే 450 అవుతుంది.

610 కిలోమీటర్లకు ఎదురుగాలిలో 81 నిమిషాలు పడితే, వాలుగాలిలో 67 నిమిషాలు పడుతుంది. "పోయేటప్పుడు నష్టపోయినది తిరిగి వచ్చేటప్పుడు కలిసివస్తుంది గదా!" అని మీరు అనవచ్చు. లెక్క చూడండి. రానుపోను మొత్తం 148 నిమిషాలు. గాలే లేకపోతే 73, 73 కలిపి 146 నిమిషాలు. రెండు నిమిషాలు నష్టమే! ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది. వాలుగాలిలో తక్కువసేపు ఉంటుంది. కాబట్టి గాలి చేసే చెరుపు, మేలు సమానం కావు.

గాలి పక్క నుండి వీస్తే? పడవవాడు ఆవలి రేవుకు సూటిగా పడవ పెట్టడు. ప్రవాహం తోసుకుపోతుందని తెలిసి, కొంచెం ఎగువకు ముఖం పెడతాడు. చివరకు సరిగ్గా రేవుకే చేరుతాడు. విమాన చోదకుడు కూడా ముక్కును గాలి వచ్చే వైపు కొద్దిగా తిప్పి నడుపుతాడు.

తెరచాప ఓడల కాలంలో గాలే సర్వస్వం. శీతకాలపు ఈశాన్య ఋతుపవనాలు ఓడను దక్షిణానికి నెట్టేవి. వేసవి తరువాత నైరుతి గాలులు ఉత్తరానికి నెట్టేవి. కోరంగి రేవు నుండి పంతొమ్మిదో శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన మన తెలుగువారు ఆ గాలులనే నమ్ముకొని హిందూ మహాసముద్రం దాటారు. నేటికీ మారిషస్‌లో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారి పూర్వులకు కోరంగి పేరు మీదుగానే అక్కడ పేరు వచ్చినది.

దగ్గరగా పోతూ దగ్గర కాని దారి

ఇంతవరకు నేరు విమానం ఉన్నదనుకొని లెక్క చేశాము. అది లేనినాడు ప్రయాణికుడు ఏదో ఒక పెద్ద నగరం మీదుగా పోవాలి. హైదరాబాదు మీదుగా అనుకొందాం. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం మధురపూడికి దాదాపు పడమట ఉన్నది. నేరు దూరం సుమారు 360 కిలోమీటర్లు. అక్కడి నుండి పుదుచ్చేరికి సుమారు 605 కిలోమీటర్లు.

ఈ రెండు అంకెలను మరొకసారి చూడండి. బయలుదేరినప్పుడు పుదుచ్చేరికి దూరం 610. 360 కిలోమీటర్లు ఎగిరి హైదరాబాదులో దిగిన తరువాత దూరం 605! అంత ప్రయాణం చేసినా గమ్యానికి పట్టుమని పది కిలోమీటర్లైనా దగ్గర కాలేదు. మొత్తం ఎగిరిన దూరం 965 కిలోమీటర్లు. రోడ్డు దూరం కన్నా కూడా ఎక్కువ!

ఇంటి గుమ్మం నుండి లెక్క చూద్దాం. మధురపూడికి రోడ్డు మీద 2 గంటలు. విమానాశ్రయంలో 1 గంట. హైదరాబాదుకు 1 గంటా 8 నిమిషాలు. అక్కడ రెండో విమానం కోసం 2 గంటలు. పుదుచ్చేరికి 1 గంటా 38 నిమిషాలు. సామాను తీసుకొని ఊరిలోకి చేరడానికి అరగంట. మొత్తం 8 గంటల 16 నిమిషాలు. నేరు విమానం ఉంటే ఇదే లెక్క 5 గంటల 8 నిమిషాలు. అందులోనూ విమానంలో గడిచేది మూడో వంతుకు లోపే. మిగిలినదంతా నేల మీదే.

రెండో విమానం సాయంత్రానికి గాని లేకపోతే లెక్క ఇంకా పెరుగుతుంది. కాకినాడ నుండి దక్షిణాదికి సాయంకాలం రైలెక్కి, రాత్రి నిద్రపోయి, తెల్లవారి దిగే ప్రయాణం అప్పుడు మేలనిపిస్తుంది. దాని ఖర్చు కూడా తక్కువ. ఒక విద్యార్థికి రేపు ఉదయం పది గంటలకు పుదుచ్చేరిలో ధ్రువపత్రాల పరిశీలన ఉన్నదని ఈ రోజు మధ్యాహ్నం తెలిసిందనుకోండి. ఆ ఇంటివారు అట్లాసు చూడరు. ఏ బండి ఎప్పుడు బయలుదేరుతుంది, ఎప్పుడు చేరుతుంది, చేతిలో ఎంత డబ్బు ఉన్నది – ఈ మూడింటినే చూస్తారు. వేగవంతమైన వాహనం కాదు, వేళకు దొరికే వాహనమే వారికి దగ్గరి దారి.

చిన్న ఊళ్ళకు విమానాలు ఎందుకు నిలకడగా నడవవు? ఒక విమానం ఎగరాలంటే ఇంధనం, సిబ్బంది, మరమ్మతులు – వీటి ఖర్చు సీట్లు నిండినా నిండకపోయినా ఒకటే. ప్రయాణికులు తక్కువైతే ఒక్కొక్క టిక్కెట్టుపై పడే భారం పెరుగుతుంది. టిక్కెట్టు ధర పెరిగితే ప్రయాణికులు ఇంకా తగ్గుతారు. ఈ చిక్కును తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ఉడాన్ పథకాన్ని ప్రవేశపెట్టినది. చిన్న విమానాశ్రయాల మధ్య కొన్ని సీట్లకు ధర పరిమితి పెట్టి, సంస్థలకు కలిగే లోటును కొంతకాలం భర్తీ చేయడం దాని పద్ధతి. 2017 ఏప్రిల్ 27న సిమ్లా – ఢిల్లీ విమానంతో పాటు కడప – హైదరాబాదు విమానం కూడా ఈ పథకం కింద ప్రారంభమైనది.

గడియారం ఒకటే, సూర్యుడు వేరు

చివరగా ఒక చిత్రమైన విషయం. మన దేశపు ప్రామాణిక కాలాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఆధారంగా నిర్ణయించారు. ఆ రేఖ కాకినాడకు చేరువగానే పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాల కాలం పడుతుంది. యానాం ఆ రేఖకు 17 నిమిషాల కోణం మాత్రమే పడమట ఉన్నది. కాబట్టి సూర్యుని లెక్క ప్రకారం యానాం మన గడియారానికి ఒక నిమిషం 8 సెకన్లు మాత్రమే వెనుక. అదే పుదుచ్చేరి 10 నిమిషాల 40 సెకన్లు వెనుక. అయినా రెండు ఊళ్ళలోనూ బడి గంట ఒకే గడియారం ప్రకారం మోగుతుంది. దేశమంతటికీ ఒకే కాలం ఉండడం వల్లనే విమానాల, రైళ్ళ కాలపట్టికలు తికమక లేకుండా సాగుతున్నాయి.

దేశం దాటితే అలా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి 9వ తేదీ రాత్రి బయలుదేరిన విమానం 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరు చేరినదంటే, ప్రయాణానికి రెండు రాత్రులు పట్టినదని కాదు. ఇరు దేశాల గడియారాలకు ఉన్న తేడాను తీసివేస్తే 17 గంటల లెక్క తేలుతుంది. పారిస్‌లో ఉన్న బంధువులతో మాట్లాడే యానాం కుటుంబాలు ఈ తీసివేత రోజూ చేస్తూనే ఉంటాయి.

ముగింపు

ఇప్పుడు తరగతిలోని నలుగురు పిల్లల దగ్గరకు మళ్ళీ వద్దాం. 590 కిలోమీటర్లు భూమి చెప్పిన జవాబు. 800 కిలోమీటర్లు రోడ్డు చెప్పిన జవాబు. ఒక రాత్రి రైలు చెప్పిన జవాబు. గంటన్నర విమానం చెప్పిన జవాబు. మొదటి జవాబు ఏనాటికీ మారదు. మిగిలినవి మనుషుల చేతిలో ఉన్నాయి. ఎదుర్లంక వంతెన కట్టిననాడు అక్కడి దూరం మారినట్లే, ఒక కొత్త రైలు వచ్చిననాడు, ఒక విమానం నిలకడగా నడిచిననాడు ఇవి మారుతాయి. అందుచేత "ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే తొందరపడి ఒక అంకె చెప్పకండి. "ఏ దారిలో? ఏ వాహనంలో? ఎవరికి?" అని ఒకసారి అడిగి చూడండి.

పదాలు – అర్థాలు

అల్లెతాడు = వింటికి కట్టే తాడు, నారి
పంటు = మనుషులను, బండ్లను నది దాటించే పెద్ద బల్లకట్టు
ఆమడ = దూరాన్ని తెలిపే పాత కొలత
కర్ణం = లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదుటి భుజం
పరుగుబాట = విమానం ఎగరడానికి, దిగడానికి వేసిన బాట
చోదకుడు = నడిపేవాడు
వాలుగాలి = పోయే దిక్కుకు అనుకూలంగా వీచే గాలి
వ్యాజ్యం = న్యాయస్థానంలోని తగాదా

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. యానాం తెలుగు ప్రాంతంలో ఉన్నా దాని రాజధాని పుదుచ్చేరి ఎందుకయినది?
2. రోడ్డు దూరాన్ని విల్లుతో, నేరు దూరాన్ని అల్లెతాడుతో ఎందుకు పోల్చారు?
3. రేఖాంశాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకే విధంగా ఎందుకు ఉండదు?
4. హైదరాబాదు మీదుగా వెళ్ళే ప్రయాణికుడు 360 కిలోమీటర్లు ఎగిరినా పుదుచ్చేరికి దగ్గర కాలేదనడానికి కారణం ఏమి?

ఆ) కింది ప్రశ్నకు పదిహేను వాక్యాలలో జవాబు రాయండి.
విమాన ప్రయాణ కాలాన్ని నిర్ణయించే అంశాలను పాఠం ఆధారంగా వివరించండి.

ఇ) సొంతవాక్యాలలో ప్రయోగించండి.
పట్టుమని, తడుముకోకుండా, చెమటోడ్చి, నిలకడగా, అటూ ఇటూ

ఈ) చేసి చూడండి.
అట్లాసులో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలను, మీ రాష్ట్ర రాజధాని అక్షాంశ రేఖాంశాలను గుర్తించండి. పాఠంలో చూపిన విధంగా నేరు దూరాన్ని లెక్కకట్టండి. బస్సు దూరాన్ని పెద్దలను అడిగి తెలుసుకొని, రెంటికీ తేడా ఎందుకు వచ్చినదో రాయండి.